పొట్టేలు తొట్టి

విశ్వవిద్యాలయం ఉన్న ఒక ఊళ్ళో కాత్యాయని అనే ఇల్లాలు ఉండేది. ఎంత కోపమొచ్చినా నలుగురిలో మింగేయడమే మర్యాద అనుకునేది.

ఒక ఆదివారం ఆమె భర్త గోవర్ధన్‌తో, నాలుగేళ్ళ కూతురు లాస్యతో విశ్వవిద్యాలయం మ్యూజియం చూడబోయింది. ఆఫ్రికా ముసుగులు, ఈజిప్టు పూసలు దాటి చివరి గదిలోకి వెళ్ళేసరికి, తాడు కట్టిన అరుగు మీద ఎర్రమట్టి తొట్టి ఒకటి కనబడింది. అచ్చం పొట్టేలే. మెలితిరిగిన కొమ్ములు, బుల్లి బుల్లి కాళ్ళు. లాస్య చప్పట్లు కొట్టింది.

కాత్యాయని పక్కనున్న పలక చదివింది. రెండువేల ఏళ్ళ నాటిదట. చనిపోయిన పసిబిడ్డను అందులో పడుకోబెట్టి పూడ్చేవారట. ఆమె గుండె కలుక్కుమంది.

ఈలోగా గోవర్ధన్ తాడు దాటేశాడు.

"రావే బంగారం, పొట్టేలెక్కుదువుగాని! ఫొటో తీస్తా."

"ఏమండీ..." అంది కాత్యాయని.

"ఏంటి?"

పక్కన కాలేజీ పిల్లలు ఇటే చూస్తున్నారు.

"ఏం లేదు," అంది. పళ్ళు మాత్రం పటపటా కొరుక్కుంది.

"మట్టితొట్టికి తాడొకటి, బోర్డొకటి!" అంటూ అతను పిల్లను అందులో కూర్చోబెట్టాడు. "నవ్వు తల్లీ!"

లాస్య నవ్వింది. ఫెళ్ళుమని చప్పుడైంది. తొట్టి రెండుగా విచ్చింది. పెంకు అంచు పిల్ల పిక్కలో దిగింది.

రక్తం చూడగానే, ఇన్నేళ్ళు మింగినదంతా కాత్యాయని నోటివెంట ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"కళ్ళు నెత్తికెక్కాయా మీకు? అది ఆటబొమ్మా? శవపేటిక! చచ్చిపోయిన బిడ్డను పెట్టిన పెట్టెలో నా బిడ్డను కూర్చోబెడతారా?"

గోవర్ధన్ పిల్లను ముక్కల్లోంచి ఎత్తుకున్నాడు.

మ్యూజియం అధికారిణి పరుగున వచ్చి పిల్ల కాలికి గుడ్డ కట్టింది. తర్వాత ముక్కలవైపు చూసింది.

"ఏ తల్లి తన బిడ్డకు చేయించిందో! ఇన్నాళ్ళూ మట్టిలో ఉన్నా చెక్కు చెదరలేదు," అంది. కాత్యాయని వైపు తిరిగింది. "అదేమిటో మీకు ముందే తెలుసా అమ్మా?"

"తెలుసు. చదివాను."

"మరి ఆపలేదేం?"



లాస్య కాలు మానింది. తొట్టి అతుక్కోలేదు. కూతురి పిక్క మీద ఆ మచ్చ కనబడినప్పుడల్లా, కాత్యాయనికి మొగుడి మీద కంటే తన మీదే ఎక్కువ ఒళ్ళు మండుతుంది.

తప్పు జరగకముందు నోరు విప్పని ఓర్పు మర్యాద కాదు; ఆ తప్పులో అది సగం వాటా.