సుంకులమ్మ చేయి

సుంకులమ్మ గొట్టం పీకబోతోందని డాక్టర్ మనోజ్ఞ ఆమె రెండు చేతులనూ మెత్తటి గుడ్డతో మంచం కమ్మీలకు కట్టేసింది.

సుంకులమ్మ బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిషు పట్టే మనిషి. దుమ్ము తిన్న ఊపిరితిత్తులకు నిమ్ము తోడైతే ఐసీయూకి తెచ్చారు. నోట్లోంచి గొంతులోకి గొట్టం, దాని వెనక వెంటిలేటర్. గొట్టం కదలకుండా తల చుట్టూ గుడ్డ టేపు బిగించి ముడేసింది కూడా మనోజ్ఞే. "ముడి అంటే ఇట్లుండాల" అని నర్సులను పిలిచి మరీ చూపించింది.

ఇప్పుడు నిమ్ము తగ్గింది. సుంకులమ్మ మెలకువగా, నెమ్మదిగా ఉంటే ఇవాళ మిషన్ తీసేయొచ్చు.

పెద్ద డాక్టరు ఖాదర్ సార్ రౌండ్స్‌కి వచ్చారు.

"ఈమె అస్సలు సహకరించడం లేదు సార్. చేయి వదిలితే చాలు, గొట్టం మీదికే పోతుంది. మత్తు పెంచేద్దాం."

"పెంచితే మళ్లీ ఎన్నాళ్లు మిషన్ మీద?"

"తప్పదు సార్. ఇట్లాంటి వాళ్లను చాలామందిని చూసినాను."

"అవునవును, పెద్దదానివైపోయినావు." సార్ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు. చేతులు రెండూ కమ్మీ మీద పెట్టారు. "కట్టు."

"సార్?"

"ఆమెకు కట్టినట్టే."

ఏదో తమాషా అనుకుని మనోజ్ఞ కట్టింది.

"ఊఁ, ఇంక కేసు చెప్పు."

ఆమె చెప్పుకుపోతోంది. ఆక్సిజన్ ఎంత, పొద్దుటి ఎక్స్‌రే ఎట్లుంది. మధ్యలో సార్ చేయి పైకి లేవబోయింది. గుడ్డ ఆపింది. మళ్లీ లేచింది. మళ్లీ ఆపింది.

"విప్పమంటారా?"

సార్ తల అడ్డంగా ఊపారు.

"నీళ్లా సార్? ఏసీ ఎక్కువైందా?"

రెండింటికీ సార్ తల అడ్డంగానే ఊపారు. మనోజ్ఞకు విసుగొచ్చింది. "నోరు విప్పి చెప్పకపోతే నాకెట్లా తెలుస్తుంది సార్?"

అనేశాక నాలుక కరుచుకుంది.

మంచం మీద సుంకులమ్మ వేలు ఒకటి లేచింది. కట్టు కిందినుంచే సార్ ముఖం వైపు చూపిస్తోంది. అప్పుడు కనిపించింది మనోజ్ఞకు. సార్ కళ్లద్దాలు జారి ముక్కు చివర వేలాడుతున్నాయి. పైకి నెట్టింది.

"హమ్మయ్య. నువ్వన్నా కనిపెట్టినావు సుంకులమ్మా," అన్నారు సార్. మనోజ్ఞ వైపు తిరిగారు. "ఇప్పుడు ఆమె చేయి విప్పు."

మనోజ్ఞ కుడిచేతి కట్టు విప్పింది. ఆ చేయి ముఖం మీదికి లేచింది. మనోజ్ఞ గబుక్కున పట్టుకోబోయింది.

"పట్టుకోవద్దు. వెంట పో."

చేయి గొట్టం దగ్గర ఆగలేదు. దాన్ని దాటి, చెంప దాటి, చెవి దగ్గర ఆగింది.

టేపు కింద చెవి మధ్యకు మడతపడిపోయి ఉంది. అంచు ఒరుసుకుపోయి రక్తం ఎండి నల్లబడింది. దాని పక్కనే ముడి. చక్కటి ముడి.

మనోజ్ఞ ఒక చేత్తో గొట్టం పట్టుకుని, రెండో చేత్తో చెవిని మెల్లగా బయటికి తీసింది. టేపు కింద దూది పెట్టింది. సుంకులమ్మ కళ్లు మూసుకుంది. ఆమె చేయి దానంతటదే దిగి దుప్పటి మీద పడుకుంది.



"మత్తు పెంచాల్నా?" అడిగారు సార్.

మనోజ్ఞ తల అడ్డంగా ఊపింది. వంగి సార్ చేతి కట్టు విప్పబోయింది.

"నాది తర్వాత," అన్నారు సార్. "ఆమె ఎడమ చేయి ఇంకా కట్టే ఉంది."