తేదీ, గంట, గాలి

ఉదయం ఆరూ పదికి చెన్నకేశవులు స్టూడియో మెట్ల మీద కూర్చుని, కవర్లోంచి ఆరు ఫోటోలు బయటికి తీసి చూశాడు. మళ్ళీ లోపల పెట్టాడు. ఆరున్నరలోపు ఈ పని నాలుగుసార్లు చేశాడు.

ఐదు ఫోటోల గురించి అతనికి బెంగ లేదు. ఆరోదాన్ని మాత్రం ప్రతిసారీ మిగతావాటి అడుగున పెట్టాడు.

స్టూడియో దస్తగిరిది. మార్కాపురంలో చాలాకాలం డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. వయసు డెబ్భై ఒకటి. ఊరికి ఏడు కిలోమీటర్ల దూరంలో గద్దలగుట్ట ఉంది. గుట్ట కొసన ఒక పెద్ద పలక రాయి, దాని మీద ఉలితో చెక్కిన మూడు చిన్న గుంటలు. కెమెరా స్టాండు మూడు కాళ్ళూ ఆ మూడు గుంటల్లో పెట్టాలి. కాళ్ళ ముందు రాతి అంచు, కింద లోయ, అవతల కొండ, పైన ఆకాశం ఫోటోలో పడాలి. ఏడాదిలో ఆరు ఋతువులకు ఆరు ఫోటోలు. చోటు మారదు. దస్తగిరి దగ్గర ఫోటో తీయడం నేర్చుకోవడమంటే ఇదే.

ఆరూ పూర్తయ్యాక ఆయన ఒక్కో ఫోటో వెనక పెన్సిలుతో మూడు సంగతులు రాస్తాడు. తేదీ, గంట, గాలి ఎటు నుంచి వీచింది. తీసినవాడు చెప్పాలి, ఆయన రాయాలి. రాసి కింద సంతకం పెడతాడు. ఏ ఒక్క ఋతువు తప్పినా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. ముప్పై ఏళ్ళలో ఆరు సంతకాలూ సంపాదించినవాళ్ళు ఇద్దరు.

కేశవులు ఒంగోలులో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తాడు. కిందటేడు వానకాలంలో జ్వరంతో మంచాన పడ్డాడు. ఏడాదంతా వృథా అయింది. ఈసారి తప్పితే మూడో ఏడు. పైగా హైదరాబాదులోని ఒక విత్తనాల కంపెనీవాళ్ళు వచ్చే ఏడాది కేలండరుకు ఆరు ఋతువుల ఫోటోలు కావాలన్నారు. వెనక దస్తగిరి గారి సంతకం ఉంటే ఇంకేమీ చూడం, అక్టోబరు ఐదులోపు పంపండి అన్నారు. మెట్ల మీద కూర్చున్న ఈ ఉదయం సెప్టెంబరు ఇరవై ఒకటి.

ఈ ఏడాది గద్దలగుట్ట మీద వాన పడింది ఒక్కసారే. ఆగస్టు పందొమ్మిదిన. ఆ మధ్యాహ్నం మూడూ యాభైకి దస్తగిరి ఫోన్ చేశాడు.

"కేశవులూ, గుట్ట మీదికి మబ్బు దిగుతోంది. ఎక్కడున్నావు?"

అప్పుడు కేశవులు దర్శిలో ఒక నిశ్చితార్థంలో ఉన్నాడు. నాలుగున్నరకు ఉంగరాలు మార్చుకుంటారు. పెళ్ళికూతురి మేనమామ అప్పటికే రెండుసార్లు, "ఫోటోలాయన యాడికీ పోవద్దు" అని కేకేశాడు. ఆ సంగతి చెప్పడానికి కేశవులుకు నోరు రాలేదు.

"దార్లో ఉన్నా సార్. అరగంటలో ఎక్కేస్తా."

"జాగ్రత్త. పిడుగులు పడేట్టున్నాయి" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ఆయన మళ్ళీ ఫోన్ చేసి, "దొరికిందా?" అని అడిగాడు. కేశవులు, "దొరికింది సార్" అన్నాడు.

తర్వాత నాలుగు వారాలు వాన కోసం చూశాడు. రాలేదు. చివరికి జూన్‌లో, వానకు ముందు, అదే రాయి మీంచి మసక వెలుగులో తీసిన ఫోటో ఒకటి బయటికి తీశాడు. రెండేళ్ళ కిందట దోర్నాల ఘాట్‌లో తీసిన నల్లమబ్బును కంప్యూటర్లో దాని మీద పెట్టాడు. లోయ మీద వానచారలు దించాడు. అవతలి కొండ అంచు మసకబరిచాడు. నీడలు ఒకటికి పదిసార్లు సరిచూశాడు. మూడు రోజులు పట్టింది. ఎక్కడా అతుకు కనబడలేదు.

అతనికి ధైర్యం ఒక్కటే. దస్తగిరి మోకాళ్ళు అరిగిపోయి గుట్ట ఎక్కడం మానేసి రెండేళ్ళయింది.

ఏడింటికి తలుపు తెరుచుకుంది. దస్తగిరి భార్య ఖాసింబీ చీపురుతో బయటికి వచ్చింది.

"ఏంది నాయనా, పెళ్ళిచూపులకొచ్చినోడి మాదిరి మెట్ల మీద కూచున్నావు? తలుపు కొట్టగూడదా?"

"ఇప్పుడే వచ్చా అమ్మా."

"మొగాన చెమట చూస్తే అట్టా లేదే. లోపలికి రా. మీ సారుకు మోకాళ్ళు మరీ వాచినయి. నెల దాటింది, మందు రాసీ రాసీ నా చేతులు మండుతున్నయి."

లోపల నొప్పుల మందు వాసన. దస్తగిరి కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. కుడికాలు స్టూలు మీద చాపి ఉంది. బల్ల మీద ఒక పెన్సిలు, ఒక రబ్బరు, ఫ్యాను గాలికి కాగితాలు లేవకుండా అరచేతి మందాన ఒక రాతిముక్క. అది గద్దలగుట్ట రాయే. గుంటలు చెక్కినప్పుడు ఊడిన పెచ్చు.

"రా. ఆరూ తెచ్చావా?"

"తెచ్చా సార్."

ఆయన లైటు వేయలేదు. కిటికీ రెక్క ఇంకాస్త తెరిచి, మొదటి ఫోటో వెలుగుకు పట్టాడు. శరత్తు. వానలు కడిగి వదిలిన ఆకాశం. అవతలి కొండ మీద ప్రతి పగులూ విడివిడిగా కనబడుతోంది.

"తేదీ?"

"అక్టోబరు ఇరవై ఆరు."

"గంట?"

"ఉదయం ఏడూ ఐదు."

"గాలి?"

"ఈశాన్యం సార్. చాలా కొంచెం."

ఆయన రాశాడు. సంతకం పెట్టాడు. హేమంతంలో లోయంతా మంచు, కొండ నడుము దాకా మునిగి ఉంది. దానికీ రాశాడు. శిశిరం ఫోటో కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఆకులు రాలిన చెట్ల మధ్య ఎర్రటి చుక్క ఒకటి.

"ఇదెవరు?"

"గురవమ్మ సార్. మేకలు తోలుకొస్తుందే, ఆమె."

"ఇంకా ఎర్రచీరే కడుతోందా" అని నవ్వి, సంతకం పెట్టాడు.

వసంతంలో వాలంతా మోదుగులు పూసి ఉన్నాయి. గ్రీష్మం మిట్టమధ్యాహ్నం తీసింది. ఎక్కడా నీడ లేదు, కొండ తెల్లగా పాలిపోయి ఉంది. "ఈ వేళప్పుడు ఎవడూ తీయడు. మంచి పని చేశావు" అన్నాడు దస్తగిరి. ఆ మాట కోసం కేశవులు రెండేళ్ళు ఎదురుచూశాడు. ఇప్పుడది చెవిన పడీ పడనట్టు పోయింది. ఆయన చెయ్యి ఆరో ఫోటో మీదికి వెళ్ళింది.

దస్తగిరి దాన్ని వెలుగుకు పట్టాడు. వంచాడు. మళ్ళీ నిటారుగా పట్టాడు. బయట ఖాసింబీ వాకిలి ఊడుస్తున్న చప్పుడు వినబడుతోంది. కేశవులు కవరు అంచు గోటితో చించుతున్నాడు.

"మబ్బు బాగుంది" అన్నాడు దస్తగిరి.



ఆయన ఫోటో తిరగేసి పెన్సిలు తీసుకున్నాడు.

"తేదీ?"

"ఆగస్టు పందొమ్మిది సార్."

రాశాడు.

"గంట?"

"సాయంత్రం నాలుగూ యాభై."

రాశాడు.

"గాలి?"

తేదీ, గంట గురించి కేశవులు ఆలోచించి పెట్టుకున్నాడు. గాలి సంగతి మరిచాడు. ఆ నెలలో ఈ పక్క వాన ఎప్పుడూ పడమటి నుంచే వస్తుంది.

"పడమర సార్."

పెన్సిలు కాగితం మీద ఆనింది. కదల్లేదు.

"పడమర" అన్నాడు దస్తగిరి. అడిగినట్టూ లేదు, ఒప్పుకున్నట్టూ లేదు. పెన్సిలు కింద పెట్టి, వాకిలివైపు తిరిగాడు. "ఖాసింబీ, ఒక గ్లాసు మంచినీళ్ళు."

ఆమె చీపురు మూలన పెట్టి, చేతులు కడుక్కుని, గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన తాగలేదు. ఫోటోను మళ్ళీ వెల్లకిలా తిప్పి పెట్టాడు. కాగితాల మీద ఉన్న రాతిముక్క తీసి, సగందాకా నీళ్ళలో ముంచి, బయటికి తీసి, ఫోటోలో రాతి అంచు ఉన్న చోట దాని పక్కనే పెట్టాడు.

పొడిగా ఉన్న సగం బూడిదరంగులో ఉంది. తడిసిన సగం కారునలుపు. అందులో సన్నటి తెల్లగీతలు తేలాయి.

ఫోటోలో రాయి బూడిదరంగులో ఉంది.

ఇద్దరూ మార్కాపురంలో పుట్టినవాళ్ళే. పలక తడిపితే ఏ రంగుకు వస్తుందో ఆ ఊళ్ళో బడికి వెళ్ళిన ప్రతివాడికీ తెలుసు.

ఫ్యాను తిరుగుతోంది. రాయి నుంచి ఒక నీటిచుక్క జారి, లోయ మీదుగా పాకి, ఫోటో అంచు దగ్గర ఆగింది.

"సార్..." అన్నాడు కేశవులు. "ఆ రోజు నేను..."

దస్తగిరి చెయ్యి ఎత్తి ఆపాడు. ఫోటో తిరగేశాడు. రబ్బరు తీసుకుని, రాసిన గంటను చెరిపాడు. తర్వాత తేదీని చెరిపాడు. పొడి ఊదేశాడు. ఆరూ కలిపి కవర్లో పెట్టి చేతికిచ్చాడు.

"భాద్రపదం ఇంకా పదకొండు రోజులుంది" అన్నాడు.

"ఉప్మా చేస్తున్నా, తినిపో" అంది ఖాసింబీ.

కేశవులు తినకుండానే వచ్చేశాడు.

మర్నాటి నుంచి రోజూ తెల్లవారకముందే గుట్ట ఎక్కాడు. ఒంగోలులో ఒప్పుకున్న రెండు ఫంక్షన్లు స్నేహితుడికి అప్పగించాడు. స్టాండు కాళ్ళు మూడు గుంటల్లో పెట్టి, పక్కన కూర్చునేవాడు. మొదటి రోజు ఫోన్‌లో వాతావరణం చూస్తూనే ఉన్నాడు. మూడింటికి వాన అని ఉండేది. మూడింటికి చూస్తే ఆరింటికి అని మారేది. మూడో రోజు ఫోన్ సంచి అడుగున పెట్టేశాడు. అయినా ప్రాణం కుదుటపడలేదు. చిన్న మబ్బుతునక కనబడితే లేచి నిలబడేవాడు. అది కొండ దాటిపోయేది. నాలుగో రోజు తూర్పున ఉరిమింది. కింద ఊళ్ళో పడింది, గుట్ట మీద చుక్క లేదు. ఆరో రోజు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తలేదు.

గుట్ట మీద మనిషన్నవాడు లేడు. గురవమ్మ మేకల్ని అవతలి వాలుకు తోలుతోంది. గంటల చప్పుడు మాత్రం అప్పుడప్పుడూ వినబడేది.

ఎనిమిదో రోజు, సెప్టెంబరు ఇరవై తొమ్మిది, మధ్యాహ్నం మూడూ ఇరవైకి పడమటి కొండ మీద వెలుగు పచ్చగా మారింది. గాలి ఒక్కసారిగా చల్లబడింది. కేశవులు లేచాడు. రాయి మీద మొదటి చుక్క పడింది. రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే మచ్చలన్నీ కలిసి రాయి మొత్తం నల్లబడింది. తెల్లగీతలు తేలాయి. కెమెరా మీద తువ్వాలు కప్పి తీశాడు. మూడూ ముప్పై ఒకటి. గాలి పడమర. మరిచిపోకుండా పైకే అనుకున్నాడు.

ఉరుము దగ్గరపడ్డాక స్టాండు ఎత్తుకుని రాతి కిందికి పరుగెత్తాడు. పలక రాయి కింద తూర్పువైపు నలుగురు కూర్చునేంత చోటుంది. అక్కడ గురవమ్మ అప్పటికే గొడుగు అడ్డంగా పట్టుకుని, రెండు మేకపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇట్టా జరుగు నాయనా. ఆ ఉయ్యాల కాళ్ళది బయట పెట్టు, మేకలు బెదురుతయి."

కేశవులు స్టాండు బయట పెట్టి కూర్చున్నాడు. గొడుగు మీద తెల్లరంగుతో అక్షరాలు రాసి ఉన్నాయి. సగం చెరిగాయి. దస్తగిరి ఫోటో స్టూడియో.

"ఈ గొడుగు..."

"మీ సారుదే. ఇచ్చి రమ్మంటే దిగేదానికి నాకు తీరికేదీ? నువ్వు పోతావుగా, తీసకపో."

"సారు నీకెప్పుడిచ్చాడు?"

"శ్రావణంలో పెద్ద వాన పడలా? ఆ రోజే. రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకొని, ఆడాడ కూలబడుకుంటా ఎక్కొచ్చాడు. 'ఈ కాళ్ళతో నీకేం పని సారూ' అంటే, 'మా పిలగాడు వస్తన్నాడు, ఒక్కడే ఉంటే పిడుగులకు బయపడతాడు' అన్నాడు. పొద్దుగూకేదాకా దారెంటే చూశాడు. నీకు మేకలున్నయిలే అని గొడుగు నా చేతిలో పెట్టి, తడుసుకుంటానే దిగిపోయాడు."

వాన రాతి అంచు మీంచి ధారగా పడుతోంది. కేశవులు గొడుగు మీది అక్షరాల వైపే చూస్తున్నాడు.

"ఇక్కడే కూర్చున్నాడా?" అని అడిగాడు.

"ఇక్కడ కాదు, ఆ పక్కన" అంటూ గురవమ్మ రాతికి పడమటివైపు చెయ్యి చూపించింది. "ఇటు కూచుంటే జల్లు మొగాన కొట్టింది. ఆ రోజు గాలి తూర్పు నుంచి."