తక్కెడకి నీరసమొచ్చింది

తూములపాలెం వాళ్ళకి తెలివి ఎక్కువైపోయి పొరుగూళ్ళకి పంచుదామని బయల్దేరితే, పుచ్చుకునేవాడే దొరకలేదట! వాళ్ళ గురి అంతా మిరపకల్లంలోని పెద్ద తక్కెడ మీద. ఏ సంగతైనా దాంట్లో పెట్టి తేల్చేవాళ్ళు. ఇద్దరు పెళ్ళికొడుకులొస్తే బరువైనవాడికే పిల్లనిచ్చేవాళ్ళు. అంకినీడు ప్రెసిడెంటైందీ అలాగే. పోటీకి నిలబడ్డవాడు పాపం బక్కవాడు.

ఒకరోజు ఆఫీసరమ్మ వచ్చింది. "వండుకోలేని ముసలివాళ్ళకి ఇంటికే అన్నం పంపే పథకం వచ్చిందండీ. ఖర్చెంతో, ఉపయోగమెంతో చూసి రాసివ్వండి" అంది.

ఊళ్ళో అలాంటిది చుక్కమ్మ ఒక్కతే. చూపు ఆనదు, చేతులు వణుకుతాయి. పొయ్యి దగ్గర రెండుసార్లు చీర కాల్చుకున్నాక, నానేసిన అటుకులతోనే కాలక్షేపం చేస్తోంది.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు అంకినీడు. ఈ పళ్ళెంలో ఖర్చు, ఆ పళ్ళెంలో ఉపయోగం. అంతే! ఈ పక్క బియ్యం, పప్పు, గిన్నెలు పెట్టించాడు. వండిపెట్టే వెంకాయమ్మ కూడా ఖర్చే కదా, ఆవిణ్ణీ ఎక్కించాడు. ఆ పక్క చుక్కమ్మని కూర్చోబెట్టాడు. ఇంకేముంది, ముసలమ్మ రివ్వున పైకి లేచిపోయింది.

"దించండ్రా, సచ్చినోళ్ళారా!"

"ఉపయోగం గాల్లో తేలిపోతోందయ్యా" అని నిట్టూర్చాడు వార్డు మెంబరు భూషయ్య.

"తిండిలేక తేలానురా! అన్నం పెట్టి చూడు, దిగుతానో లేదో!"

అదీ నిజమేననిపించింది. బియ్యం, పప్పు, గిన్నెలు పట్టుకుని వెంకాయమ్మ వంటకి దిగింది. అంతే, చుక్కమ్మ దభీమని కిందకొచ్చింది.

"చూశావా! ముద్ద నోట్లో పడకముందే దిగింది!" అంటూ అంకినీడు ఎగిరి గంతేశాడు. 'ఖర్చు: ఏమీ లేదు. ఉపయోగం: ఒక ముసలమ్మ' అని రాసిచ్చాడు. ఖాళీ అయిన పళ్ళెంలో రాళ్ళు పేర్చి, చుక్కమ్మ ఎన్ని రాళ్ళు తూగిందో గుర్తు కూడా పెట్టుకున్నాడు. తూకం ఎలాగూ అయిపోయింది గనక ఉడికిన అన్నం పంచాయతీవాళ్ళే తినేశారు.

ఖర్చు లేని పథకమంటే పైవాళ్ళకి చేదా? మర్నాడే మంజూరైపోయింది. భూషయ్య రోజూ ఖాళీ క్యారేజీ మోసుకెళ్ళి చుక్కమ్మ చేతిలో పెట్టేవాడు.

"ఇందులో అన్నమేదిరా?"

"ఖర్చులేని భోజనం మామ్మా. నిదానంగా తిను, పొరబోతుంది."

పదిరోజులయ్యాక మళ్ళీ తూచారు. అవే రాళ్ళు, అదే ముసలమ్మ. ఈసారి ఆవిడ మరీ పైకి లేచింది.

అంకినీడు మొహం పాలిపోయింది. "భోజనం రోజూ వెళ్తోంది. మామ్మ తగ్గడానికి వీల్లేదు. ఒరే భూషయ్యా, తక్కెడకే నీరసమొచ్చిందిరా!"

భూషయ్య కండువాతో కళ్ళొత్తుకున్నాడు. "ఊరి బరువంతా మోసి మోసి చిక్కిపోయిందయ్యా. దానికి మాత్రం ముందూ వెనకా ఎవరున్నారు?"

చుక్కమ్మ పైనుంచి కాసేపు ఆలోచించింది. "దాన్ని నా అరుగు మీద పెట్టండ్రా, నేను చూసుకుంటాను. రెండుపూటలా వేడన్నం మాత్రం పంపండి."

తక్కెడ భోజనానికి ఖర్చెంతో తూద్దామంటే ఊళ్ళో ఇంకో తక్కెడ లేదు. అందుకని అప్పటికప్పుడే మంజూరు చేసేశారు. ఇంకేముంది, క్యారేజీ నిండుగా వెళ్తోంది, ఖాళీగా వస్తోంది.

ఒకనాడు అంకినీడే స్వయంగా పరామర్శకి వచ్చాడు. "మామ్మా, తక్కెడకి ఆవకాయ పడుతుందంటావా?"

"పడుతుంది గానీ ముక్క మెత్తగా ఉండాలి నాయనా. పళ్ళు లేవు దానికి."

అంకినీడు వంగి తక్కెడంతా తడిమి చూశాడు. నిజమే, ఒక్క పన్నూ లేదు! ఆ రాత్రి నుంచే మెత్తగా కలిపిన పెరుగన్నం పంపించాడు.