దొనలోకి వచ్చిన ఎర్ర చేపపిల్లలు

తునికిబండ అడవిలో జింకలు, ఎలుగుబంట్లు, కోతులు, కుందేళ్లు ఉండేవి. అడవి మధ్యనుంచి ఒక సన్నటి వాగు పారేది. ఎండాకాలం వచ్చిందంటే ఆ వాగు ఇసుక తేలి ఎండిపోయేది.

కొండమీద మాత్రం ఒక దొన ఉండేది. దొన అంటే రాతిబండలో పడ్డ గుంట. వానలకు నిండిన నీళ్లు అందులో ఎండాకాలమంతా నిలిచి ఉండేవి. దొన పెద్దదేమీ కాదు. రెండు ఎలుగుబంట్లు పక్కపక్కన పడుకుంటే నిండిపోయేంత.

ఏటా వాగు ఎండకముందే కోతులు మోదుగాకు దొప్పలతో పరిగెలను పట్టి దొనలోకి చేర్చేవి. పరిగెలంటే మీ చిటికెన వేలంత కూడా ఉండని చేపలు. అవి దోమపిల్లలను, పాచిని తిని నీళ్లను తేటగా ఉంచేవి. అడవంతా ఆ నీళ్లే తాగేది. వానలు పడగానే దొన పొంగి పరిగెలు మళ్లీ వాగులోకి దిగేవి. దొనలో అవి చచ్చిపోతే ఇక ఆ వాగులో పరిగె అన్నదే ఉండదు.

దొనలోకి ఎవరు రావచ్చో చెప్పేది డెక్కల తాత. ఆయన ఒక ముసలి ఎండ్రకాయ, అంటే పీత. తన దగ్గర ఎప్పుడూ ఒక చింతగింజ ఉండేది. కొత్త చేప వస్తే దాని నోటికి ఆ గింజ ఆనించి చూసేవాడు. గింజ లోపలికి పోతే, "నీకిక్కడ కుదరదు నాయనా" అని పంపేసేవాడు. చింతగింజ పట్టే నోట్లో పరిగె కూడా పడుతుందని ఆయనకు తెలుసు.

ఆ ఏడు దొప్పలు మోసే పని సింగారి అనే కోతికి వచ్చింది. సింగారికి తన కంటిమీద తనకు మహా నమ్మకం. ఏ పువ్వు అందమైనదో, ఏ ఈక అందమైనదో అడవికంతా తానే చెప్పాలి.

"ఏటా ఈ బూడిదరంగు పరిగెలేనా? చూసి చూసి విసుగొచ్చింది" అంది సింగారి.

ఒకరోజు వాగు ఒడ్డున దానికి చేపపిల్లల గుంపు కనబడింది. మొత్తం ఇరవై ఉన్నాయి. ఒక్కొక్కటీ గురిగింజలా ఎర్రగా మెరిసిపోతోంది. సింగారి ఒళ్లు మరిచిపోయింది. వాటిని దొప్పలో పట్టి గెంతుకుంటూ కొండెక్కింది.

"ఎవరి పిల్లలే ఇవి?" అన్నాడు తాత.

"ఎవరి పిల్లలైతే ఏం తాతా? ఎంత ముద్దుగా ఉన్నాయో చూడు."

"వీటి తల్లిని చూశావా?"

"చూడలేదు. నీ గింజ పెట్టి కొలుచుకో. సగం గింజ కూడా పట్టదు!"

నిజమే, పట్టలేదు. తాత మాత్రం ఒప్పుకోలేదు. "ఈ గింజ ఎదిగిన చేపకు పనికొస్తుంది. పిల్ల వస్తే తల్లి నోరు కొలవాలే అమ్మాయ్" అన్నాడు.

"నీకు ముసలితనం వచ్చి ప్రతిదానికీ భయమే" అని సింగారి నవ్వింది. నీళ్లు తాగడానికొచ్చిన జింకలు ఎర్ర పిల్లలను చూసి మురిసిపోయాయి. ఎలుగుబంటి కూడా, "ఉండనీ తాతా, పసివాళ్లు" అంది. అందరూ ఒకవైపు, తాత ఒకవైపు. సింగారి దొప్ప వంచేసింది.

దొనలో నలభై పరిగెలున్నాయి. వాటికి పెద్ద చిట్టి. చిట్టి మంచిది, ఎర్ర పిల్లలను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. వాటిలో చురుకైనవాడు కెంపు. వాడు చిట్టిని "అత్తా, అత్తా" అంటూ వెంట తిరిగేవాడు. ఆ పిలుపు చిట్టికి ఎంతో నచ్చింది.

ఇరవై రోజులు గడిచాయి. ఒక ఉదయం చిట్టి తనవాళ్లను లెక్కపెట్టుకుంది. ముప్పై తొమ్మిది వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టింది. అవే ముప్పై తొమ్మిది. పాచి వెనక ఎవరో దాక్కుని ఉంటారనుకుంది. వెతికితే ఎవరూ లేరు.

మరుసటి ఉదయం ముప్పై ఏడు.

చిట్టి దొనంతా మళ్లీ వెతికింది. ఎవరినని అడుగుతుంది? ఎర్ర పిల్లలు కూడా రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. ఉన్నవాటి ఒంటిమీద ఎరుపు పోతోంది, నలుపు వస్తోంది. చివరికి వాటిలో కెంపు ఒక్కడే మిగిలాడు. తక్కిన పందొమ్మిదీ ఏమయ్యాయని అడగకండి పిల్లలూ. అన్నదమ్ములే ఒకరినొకరు మింగేశారు.

కెంపు ఇప్పుడు జానెడయ్యాడు. వాడు కొరమీను, చిన్న చేపలను మింగి బతికే జాతి.

దొన నాలుగడుగుల్లో తిరిగి వచ్చేంతే. పారిపోదామంటే కింద వాగు లేదు, ఇసుకే ఉంది. పరిగెలు తిండి మానేసి రాతి అంచునే అంటిపెట్టుకుని ఉన్నాయి. నీళ్లలో చిన్న అల కదిలినా ఉలిక్కిపడేవి. తినేవాళ్లు లేక పాచి పెరిగింది. దోమపిల్లలు గిజగిజలాడాయి. నీళ్లు కంపు కొట్టాయి. తాగడానికొచ్చిన జింకలు మూతులు వెనక్కి తీసుకున్నాయి.

ఒక మధ్యాహ్నం కెంపు తిన్నగా చిట్టి ముందుకొచ్చి ఆగాడు.

"అత్తా, నాకు నీమీద కోపమేం లేదు. ఆకలేస్తోంది" అన్నాడు.

చిట్టి తాత పొట్ట కిందికి దూరి ప్రాణం దక్కించుకుంది. దాని కడుపునిండా గుడ్లున్నాయి. "తాతా, మేం పదకొండు మందిమే మిగిలాం. వానలదాకా ఉంటామా?" అని ఏడ్చింది.

తాత దొనంతా ఒకసారి కలియజూశాడు. దొన ఒక కొసన రాతి నెరియ, అంటే లోతైన చీలిక, ఉంది. ఆయన గులకరాళ్లు ఒక్కొక్కటే ఈడ్చి ఆ నెరియ ముందు గోడ కట్టసాగాడు. రాయి రాయికి మధ్య చింతగింజ పెట్టి, సరిగ్గా అంతే సందు వదిలాడు. మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ చిట్టి తాత పొట్ట కిందే, తక్కిన పదీ రాతి అంచు కింద ఎలాగో నక్కి ఉన్నాయి.

"ఇప్పుడు వినండి. మీరు ఆ గోడ దాటాలి. మధ్యలో కెంపు ఉన్నాడు. విడివిడిగా వెళ్తే ఒక్కరూ మిగలరు. ఒకే ముద్దగా వెళ్లండి, వెనక్కి చూడకండి" అన్నాడు తాత.

పదకొండు పరిగెలు ఒక్కటై దూసుకెళ్లాయి. కెంపు తోక ఝాడించాడు. ఎవరిని పట్టాలో వాడికి తెలియలేదు. తెలిసేసరికి తొమ్మిది పరిగెలు సందుల్లోంచి దూరిపోయాయి. రెండు దూరలేకపోయాయి. ఆఖరుగా దూరింది చిట్టి. దాని తోకమీద చిన్న చీలిక పడింది.

కెంపు గోడకు తల కొట్టుకున్నాడు. గోడ కదల్లేదు. వాడిక్కూడా ఆకలితో కళ్లు తిరుగుతున్నాయి.

అప్పుడు తాత సింగారిని పిలిచాడు. సింగారి ఒడ్డున కూర్చుని కిందికే చూస్తోంది. కొన్నాళ్లుగా దానితో ఎవరూ మాట్లాడటం లేదు.

"వీడి తప్పేం లేదు. వీడికి చాలినంత నీళ్లు పులిమడుగులో ఉన్నాయి. నువ్వే తెచ్చావు, నువ్వే తీసుకెళ్లాలి" అన్నాడు తాత.

పులిమడుగు కొండ అవతల ఉంది, ఎండని లోతైన మడుగు. అక్కడన్నీ పెద్ద చేపలే. అందుకే పరిగెలను అక్కడికి ఎవరూ తీసుకెళ్లరు. దొననుంచి పూటంతా నడక.

సింగారి నీళ్లలో చెయ్యి పెట్టింది. కెంపు దాని వేలు కొరికి పట్టుకున్నాడు. రక్తం వచ్చింది. సింగారి అరిచింది కానీ వాణ్ణి వదల్లేదు. కొరమీనుకు ఒళ్లు తడిగా ఉంటే చాలు, నీళ్లు లేకున్నా పూటంతా బతుకుతుంది. వాణ్ణి తడి ఆకుల్లో చుట్టి, మండే బండలమీద అరికాళ్లు బొబ్బలెక్కుతుంటే నడిచింది. దారిలో కనబడ్డ కుందేళ్లు కూడా నవ్వాయి. ఎర్ర పిల్లలను మెచ్చుకున్న జింకలైతే తామెప్పుడూ మెచ్చుకోలేదన్నాయి. సింగారి నడక ఆపలేదు. కెంపును మడుగులో వదిలితే వాడు ఒక్కసారి తోకాడించి లోతుల్లోకి వెళ్లిపోయాడు.

తొలకరి వాన పడింది. దొన పొంగింది. తొమ్మిది పరిగెలు వాగులోకి దిగాయి. చిట్టి గడ్డి మొదళ్లలో గుడ్లు పెట్టింది. చలికాలానికి వాగులో మళ్లీ పరిగెలు మెరిశాయి.

మరుసటి ఎండాకాలం సింగారి దొప్ప పట్టుకుని కొండెక్కింది. దాని వేలిమీద కాటు మచ్చ అలాగే ఉంది. దొప్పలో నీలం చారల చేపపిల్ల ఒకటి ఈదుతోంది. ఎంతో అందంగా ఉంది.

తాత చింతగింజ తీశాడు. సింగారి ఆ గింజ వైపు చూడలేదు.

"తాతా, ఉంచడానికి కాదు, నీకు చూపించడానికే తెచ్చాను. మూడు రోజులు ఒడ్డున కాపలా కాసి దీని తల్లిని చూసొచ్చాను" అంది. మచ్చపడ్డ వేలు చాపి, "నోరు ఇంత ఉంది" అని చూపించింది.

తాత ఏమీ అనకముందే వెనక్కి తిరిగి, ఆ పిల్లను తల్లి దగ్గరే దింపడానికి కొండ దిగింది.

నీతి: చిన్న తొట్టిలోకైనా, చిన్న ఇంట్లోకైనా ఎవరినైనా తెచ్చుకునేముందు, వాళ్లు పెరిగాక ఎంతవుతారో, ఏం తింటారో తెలుసుకోవాలి, అందం చూసి తెచ్చుకుంటే అప్పటికే ఉన్నవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.