గడప దగ్గరి చెప్పులు

అనగనగా, మన హిందూపురానికి అవతల మల్బరీ తోటల ఊరొకటి. ఆ ఊళ్ళో అశ్వర్థమ్మ అని ఒకావిడ. ఊఁ కొట్టు బుడ్డీ, లేకుంటే నేనిక్కడే ఆపేస్తా. ఆఁ, అట్లా!

ఈ అశ్వర్థమ్మను వయసులో ఉన్నప్పుడు, పట్టుపురుగుల పని నేర్చుకు రమ్మని జపానుకు పంపించారు. ఆరు నెలలు అక్కడ కియో అవ్వ అనే ముసలామె ఇంట్లో ఉంది. పొద్దున పురుగులకు ఆకు వేసేది, సాయంత్రం అవ్వ వాళ్ళ పొలం బూట్లు తొడుక్కుని వాకిట్లోకి దిగి ఫోటోలు తీసేది. తిరిగొచ్చాక వాటిని బిస్కెట్ల డబ్బాలో దాచుకుంది. పాస్‌పోర్టును ఏనాడో చెదలు తినేశాయి. రేకు డబ్బా కాబట్టి ఫోటోలు మిగిలాయి.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు ఊళ్ళో పట్టుపురుగుల షెడ్డు కట్టారు. ఆడవాళ్ళకు పని నేర్పే మనిషి కావాలన్నారు. అశ్వర్థమ్మ ప్రాణమంతా దానిమీదే. "నేను జపానులో నేర్చుకొచ్చినా, నేను చెప్తా" అంది.

షెడ్డు పెద్ద రెడ్డప్ప పకపకా నవ్వాడు. "జపానా! ఆరు నెలలు బెంగళూరులో మీ చెల్లెలింట్లో ఉండొస్తివి, మాకు తెలీదా?"

అప్పుడు అశ్వర్థమ్మ డబ్బా తెచ్చి, అందరి ముందూ మూడు ఫోటోలు పరిచింది. ఒకదాంట్లో కియో అవ్వ ఇల్లు, పక్కన వరి నాట్లు. ఇంకోదాంట్లో అదే ఇంటి చూరుకు దండలు దండలుగా ఎండుతున్న పళ్ళు. మూడోదాంట్లో అదే ఇల్లు, పైకప్పు నిండా మంచు.

"బాగున్నాయిలే. ఒక్కదాంట్లోనన్నా నువ్వు లేవే? అంగట్లో కొన్నావా?" అన్నాడు రెడ్డప్ప.

అయ్యో రామా! తీసింది తనే అయితే ఫోటోలో తనెట్లా ఉంటుంది? ఆ మాట చెప్పబోయి కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది పాపం. ముప్పై ఏళ్ళు గుండెలో దాచుకున్న మాటను అబద్ధమంటే ఏడుపు రాదూ?

అప్పుడు చెప్పులు కుట్టే ఓబులేసు తాత ముందుకొచ్చాడు. అందరూ మంచు చూశారు, పళ్ళు చూశారు, కింద గడప చూసినవాళ్ళే లేరు. తాత చూపు ఎప్పుడూ కాళ్ళ దగ్గరే కదా! కళ్ళద్దాలు తుడుచుకుని వంగాడు.

"ఒరే రెడ్డప్పా, ఈ చెప్పులు నేను కుట్టినవిరా! ఈ యమ్మ జపానుకని బస్సెక్కే పొద్దు బొటనేలు దూర్చే ఉంగటం తెగితే, నల్ల దారం లేక గోనెసంచి దారంతో కుట్టిచ్చినా. ఇదిగో, తెల్లగా కనపడ్తాండ్లా?"

మూడు ఫోటోల్లోనూ అవే చెప్పులు! జనమంతా మీదమీద పడి చూశారు.

"అక్కా, మొదటి ఫోటోలో అందరి చెప్పులూ వీధివైపు ఉంటే, నీవి మాత్రం ఇంట్లోకి చూస్తాండాయేమి?" అంది ఒకమ్మాయి.

అశ్వర్థమ్మ కళ్ళు తుడుచుకుని నవ్వింది. "నాకేం తెలుసు తల్లీ, మనింట్లో మాదిరే విడిచి పోతాంటి. అక్కడ చెప్పుల మొగం వీధివైపు తిప్పి పెడ్తారు, బయటికి పొయ్యేటప్పుడు కాలు నేరుగా దూరిపోతుంది. కియో అవ్వ ఒక్క మాట అనలేదు. రోజూ తానే వంగి నావి తిప్పేది."

రెండో ఫోటో చూస్తే, వంగిన ముసలి వీపు, అశ్వర్థమ్మ చెప్పు మీద చెయ్యి. మూడోదాంట్లో గోనెదారం చెప్పులు వీధివైపే ఉన్నాయి, పక్కన కియో అవ్వవి కూడా. "ఆ పొద్దు అవ్వవి నేనే తిప్పినా" అంది అశ్వర్థమ్మ.

ఇంకేముంది, చప్పట్లే చప్పట్లు! ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని షెడ్డులోకి తీసుకుపోయారు. గడప దగ్గర చెప్పులు విడిచి, బారులు తీరి కూర్చున్నారు. ఆమె పురుగుల తట్ట చేతికి తీసుకుని, సాయంత్రం దాకా పాఠం చెప్పింది. గొంతు ఖంగుమంటూ పలికింది!

ఆ తర్వాత బయటికొచ్చి చూస్తే ఏముంది? అందరి చెప్పులూ ఎట్లా విడిచినవి అట్లానే ఉన్నాయి. అశ్వర్థమ్మ చెప్పులు మాత్రం వీధివైపు తిరిగి, జతగా ఉన్నాయి. వాటి పక్కన రెడ్డప్ప నడుం పట్టుకుని పైకి లేస్తున్నాడు.

"తప్పైపోయిందక్కా, దూర్చుకో" అన్నాడు.

అశ్వర్థమ్మ తలెత్తుకుని కాళ్ళు దూర్చింది. నేరుగా దూరిపోయాయి.

కథ పోయె కంచికి,
చెప్పు తిరిగె వీధికి,
బుడ్డి పోయె నిద్దరకి,
అవ్వ చేరె పక్కకి!