తూము తలుపు, తాటాకు బుట్ట

రా బంగారూ, దుప్పటి లాక్కో. కాళ్ళు ఆడించావంటే కథ ఆపేస్తాను, తెలుసుగా.

అనగనగనగా ఉప్పుటేటిని ఆనుకుని ఒక ఊళ్ళో ఒక వీధి ఉండేది. వీధి చివర సిమెంటు తూము. వాన కురిస్తే వీధిలో నీళ్ళన్నీ ఆ తూములోంచి ఏట్లోకి పోయేవి. కానీ పున్నమికీ అమావాస్యకీ సముద్రం పోటెత్తుతుంది కదా, అప్పుడు ఏరు పొంగి, ఉప్పునీళ్ళు అదే తూములోంచి వెనక్కి వచ్చి వీధిలో పడేవి. పొయ్యిలు ఆరిపోయేవి, పెరట్లో బీరపాదులు మాడిపోయేవి.

ఆ వీధిలో గవర్రాజు అనే ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది మాణిక్యం, చిన్నది వరాలు. తల్లి లేదు. అక్కే చెల్లెలికి జడ వేసేది, అన్నం కలిపి పెట్టేది. ఆ తర్వాత మాణిక్యాన్ని ఏటికి అవతల లంకలో ఇచ్చారు. పెళ్ళిలో ఏమైందో తెలుసా? ఆఖరి బంతిలో మగపెళ్ళివారికి గారెలు అందలేదు. అంతే! మాకు మర్యాద జరగలేదన్నారు వాళ్ళు. వాళ్ళొచ్చేదాకా ఏరు దాటనన్నాడు గవర్రాజు. ఆయనొచ్చేదాకా కోడల్ని పంపేది లేదన్నారు వాళ్ళు. గారెల కోసం, బంగారూ! పెద్దవాళ్ళకి ఒక్కోసారి బుద్ధుండదు.

వరాలు రోజూ గట్టు మీద నిలబడి లంకకేసి చూసేది. కొబ్బరిచెట్లు కనిపించేవి గానీ అక్క కనిపించేది కాదు.

అప్పుడొక పున్నమి పోటుకి తూములోంచి చిన్న తాటాకు బుట్ట తేలుతూ వచ్చింది. ఆ అల్లిక అక్కదే. లోపల ఆకులో చుట్టిన సున్నుండ. వరాలు సగం తిని, సగం దాచుకుని వాసన చూసుకుంది. అమావాస్య పోటుకి ఇంకో బుట్ట, అందులో ఎర్ర రిబ్బను. ఆ తర్వాత పున్నమికి మూడో బుట్ట. అందులో పాత చీర పేలికతో కుట్టిన, గుప్పెడంత కుళ్ళాయి.

అక్కకి పాపాయి పుట్టబోతోంది! తొలి కానుపు పుట్టింట్లోనే కదా జరగాలి. నన్ను తీసుకెళ్ళండి అని అక్క అడుగుతోందని వరాలుకి తెలిసిపోయింది. కానీ నాన్న కోపానికి భయపడి, ఆ కుళ్ళాయిని బియ్యపు కుండలో దాచేసింది.

ఇంతలో వీధివాళ్ళు మేస్త్రిని పిలిపించారు. ఏటివైపు తూము మూతికి ఆయన ఇనప తలుపు వేలాడదీశాడు.

"లోపలి నీళ్ళు తోస్తే తెరుచుకుంటుందండీ, బయటి నీళ్ళు తోస్తే మూసుకుంటుంది. ఇక పోవడమే గానీ రావడం ఉండదు" అన్నాడు.

వీధంతా సంబరపడింది. వరాలొక్కతే ఏడ్చింది.

అమావాస్య పోటుకి తలుపు టప్పున మూసుకుంది. బుట్ట రాలేదు. పున్నమికీ రాలేదు. మళ్ళీ అమావాస్యకీ రాలేదు. అక్క ఎలా ఉందో, నెలలు ఎన్ని నిండాయో ఎవరు చెప్తారు?

ఆ తర్వాత పున్నమినాడు, ఏట్లో నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు వరాలు దిగి వెళ్ళి, తలుపు మూసుకోకుండా కొబ్బరిమట్ట ముక్క అడ్డం పెట్టింది. పోటొచ్చింది. నీళ్ళు తూములోంచి బుసబుసా వచ్చి ఇళ్ళల్లో దూరాయి. బుట్ట మాత్రం రాలేదు. బియ్యపు కుండ పక్కకి ఒరిగిపోయింది. కుళ్ళాయి తేలుకుంటూ వెళ్ళి గవర్రాజు కాళ్ళ దగ్గర ఆగింది.

"ఇదెక్కడిదే?"

"అక్క పంపింది నాన్నా. మట్ట పెట్టింది నేనే. కావాలంటే కొట్టు. కానీ అక్కని తీసుకురా."

గవర్రాజు కొట్టలేదు. ఆ పేలిక పోయిన భార్య చీరది. దాన్ని మొహానికి అద్దుకుని పెద్దగా ఏడ్చాడు. పోటు తగ్గగానే తనే దిగి మట్ట లాగేశాడు. వీధిలో నీళ్ళు తలుపుని తోసుకుని ఏట్లోకి పోయాయి.

"పదవే వరాలూ, పడవ తీస్తాను. మర్యాదల సంగతి తర్వాత" అన్నాడు.

అవతలి గట్టున మాణిక్యం నిండు కడుపుతో కూర్చుని ఉంది. పక్కన మూడు బుట్టలు. మూసిన తలుపుకి తగిలి వెనక్కి వచ్చినవి.

"నేనక్కర్లేదు కాబోలనుకుని ఈసారి బుట్ట వదల్లేదు నాన్నా" అంది.

అత్తవారు ఆయన్ని చూడగానే కోడలి గుడ్డలు మూట కట్టారు. పాపాయి పుట్టింట్లోనే పుట్టింది. కుళ్ళాయి సరిగ్గా సరిపోయింది. ఆ తర్వాత రెండిళ్ళకీ రాకపోకలే రాకపోకలు.

ఇప్పుడు అక్క లేదు బంగారూ. పోయి రెండేళ్ళు. పున్నమి పోటుకి ఆ తలుపు ఇప్పటికీ టప్పుమంటుంది. మా అక్క బుట్టే తగిలిందేమోనని లేచి కూర్చుంటాను. ఎంత బెంగగా ఉంటుందో నీకు తెలీదు.

"వరాలంటే నువ్వేనా అమ్మమ్మా?"

ఇంకెవరనుకున్నావు? కళ్ళు మూసుకో.

పడవేమో లంకకి, కథేమో కంచికి,
మనమేమో ఇంటికి, నిద్దరేమో నీ కంటికి.