వెలిగారం పాకం

చామన దీక్షకు ఇంకా నెల రోజులుంది. కంసాలి ఇంట పుట్టి, తొమ్మిదేళ్ళుగా గుణసేన మునిని అంటిపెట్టుకుని ఉన్నాడు. ఏ ప్రాణికీ హాని చేయలేదని జైన సంఘం ఎదుట చెప్పగలిగితే మునుల్లో కలుస్తాడు.

పీడంతా మునులుండే జైన గుడి, బసదిలోని పళ్ళగదితోనే. ఆ గది అతని పూచీ. అరటిగెల ముగ్గిందంటే ఆవగింజంత ఈగలు ముసురుకునేవి. పండు ఒలిస్తే నాలుగైనా వేళ్ళ కింద నలిగేవి.

"చేతులు కడుక్కో స్వామీ, అహింస అంటుకుంది" అని వంటవాళ్ళు వేళాకోళం.

చామన ఇంటి నుంచి వెలిగారం తెప్పించాడు. బంగారం అతికేటప్పుడు వాడే తెల్ల పొడి. బెల్లం పాకంలో చిటికెడు కలిపి మూకుడులో పెట్టాడు. ఈగలు తిన్నాయి, ఎగిరాయి, జతకట్టాయి. పళ్ళలో పురుగు పుట్టడం మాత్రం ఆగిపోయింది.

"ఒక్కదాన్నీ చంపలేదు గురుదేవా!" అన్నాడు పొంగిపోతూ. "పుట్టనిదాన్ని చంపానని ఎవరంటారు?"

ముని తానే ఒక పీట మోసుకెళ్ళి గెల ఎదుట వేశాడు.

"కూర్చో. కంసాలి కళ్ళు గదా, చిన్నవి బాగా ఆనుతాయి. ఆఖరి ఈగ ఉన్నంతవరకూ చూడు."

మొదటి రోజు చామనకు ఆవలింతలు వచ్చాయి. మూడో రోజు ఒక ఈగ కంటబడింది. తొక్క పగిలిన చోటు వెతుక్కుని, వెంట్రుక మొనంత తెల్లటి గుడ్డు పెట్టి పోయింది. మర్నాడు మరోచోట పెట్టింది. ఆ మర్నాడూ అంతే. చామన పండు మీదికి వంగి ఎదురుచూశాడు. ఏ గుడ్డులోనూ పురుగు కదల్లేదు. అయిదో రోజుకి అతనికి అన్నం సయించలేదు.

ఇరవై రెండో రోజు గురువు దగ్గరికి వచ్చాడు.

"ఈగలన్నీ అయిపోయాయి. మందుకు కాదు, వయసు తీరి."

"గుడ్లు పెట్టడం మానేశాయా?"

"లేదు గురుదేవా. ఆఖరిది కూడా, పోయే పూట దాకా పెడుతూనే ఉంది."



దీక్షనాడు బసది కిక్కిరిసింది. ముని అందరూ వినేలా అడిగాడు:

"చామనా, ఏ ప్రాణికైనా హాని చేశావా?"

లేదు అనే మాట నోటిదాకా వచ్చింది. అతను పెదవులు బిగించి, లేచి నమస్కరించి, జనం మధ్య నుంచి బయటికి నడిచాడు. తొమ్మిదేళ్ళుగా వెంట ఉన్న శిష్యుణ్ణి ముని వెనక్కి పిలవలేదు.

ముందు వరసలోని షావుకారు ఆగలేకపోయాడు.

"అయ్యో! ఏం చంపాడు స్వామీ?"

"ఏమీ చంపలేదు" అన్నాడు ముని.